పెదవి విరిచే దొరసాని

భువనగిరిల స్టేషన్ దాటినంక, పట్టాల పొంటి గుట్ట దిక్కు పోతే ఒక పాత బంగ్లా ఉండేది. పొద్దుగూకినంక గా తొవ్వల ఎవ్వరూ నడిచెటోళ్లు కాదు.

గాడ ఉన్నది అన్ని దెయ్యాల లెక్క కాదు. ఏడ్వదు. నవ్వదు. తెల్లచీర కట్టుకొని ఎదురు రాదు. పేరు పెట్టి పిలువదు. ఉత్తగ… ఒక్కటే చప్పుడు. పెదవులతోని చేసే చప్పుడు.

ప్చ్.

గంతే. పనికిరాని వస్తువును చూసి పక్కకు తోసేసినట్టు. నీదీ ఒక బతుకేనా అన్నట్టు.

మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. కాటమయ్యను అడిగితే తెలిసేది. కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయేటప్పుడు కాటమయ్య పాట ఎత్తుకుంటే, స్టేషన్ల కూసున్నోళ్లు రైలు సుత మర్చిపోయెటోళ్లు. అసొంటి గొంతు. ఒకనాడు సోయి లేక గా బంగ్లా ముంగటి నుంచి పాడుకుంట పోయిండు. పాట నడుమ, చీకట్ల నుంచి… ప్చ్. కాటమయ్య ఆగిండు. అటు ఇటు చూసిండు. మల్ల అందుకున్నడు. మల్ల — ప్చ్.

గా రాత్రి నుంచి సచ్చేదాక కాటమయ్య నోట్ల పాట లేదు. జరం రాలే, నెత్తురు కక్కలే. ఎందుకు పాడవే అని అడిగితే, తలకాయ దించుకొని “నాకు రాదు” అనెటోడు.

నిజాం జమానల గా బంగ్లల ఒక రైల్వే దొర ఉండెనట. దొర పోయినంక దొరసాని ఒక్కతే మిగిలింది. ఆమెకు పియానో వచ్చు. దేశ్‌ముఖుల పిల్లలు, తహసీల్దారు పిల్లలు నేర్చుకునేతందుకు వచ్చెటోళ్లట. ఆమె కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఒక్క తప్పు పడితే చాలు — పెదవి విరిచేది. పిల్లలు ఒక్కొక్కరే మానేసిన్రు. ఇగ ఆమె ఒక్కతే, తన తప్పులకు తానే పెదవి విరుచుకుంట, వాయించుకుంట వాయించుకుంటనే ఒకనాడు పియానో మెట్ల మీద తల పెట్టి పోయిందట.

గివన్నీ ఇన్న మాటలు. కండ్లార చూసినోళ్లు లేరు. కని మంజులతకు జరిగింది మాత్రం ఆమె బాపు రామచంద్రం సొంత నోటితోని చెప్పిన ముచ్చట. ఆయన అబద్ధం ఆడేంత తెలివిగల్ల మనిషి కాదు.

రామచంద్రం వాళ్లది పోచంపల్లి. తాతల నాటి నుంచి మగ్గమే. రామచంద్రమే మొదటిసారి మగ్గం ఇడిచిపెట్టి, కరెంటాఫీసుల నౌకరి పట్టుకొని భువనగిరికి వచ్చిండు. భార్య శారదమ్మ, ఒక్కతే బిడ్డ మంజులత. ఇంగ్లీషు వస్తదని పొల్లను నల్లగొండల సిస్టర్ల బడిల, హాస్టల్ల ఏసిండు. ఇంగ్లీషు వచ్చింది. దాంతోపాటు పియానో సుత వచ్చింది. ప్రార్థనల వాయించే ఒక ముసలి సిస్టర్ పిల్ల చేతులు పట్టుకొని చూసి, “ఈమెకు దేవుడే ఇచ్చిండు” అన్నది. వెంటబడి నేర్పింది. పరీక్షలు ఇప్పించింది. చివరికి సముద్రం పక్క పట్నంల ఉన్న ఒక యూనివర్సిటీల పియానో చదువుకు సీటు వచ్చేదాక ఇడవలే.

“యూనివర్సిటీల పియానో అంటే… ఏం చదువుతరే శారదా?” అని గల్లీల ఆడోళ్లు అడిగెటోళ్లు.

“పియానోనే చదువుతరు” అని శారదమ్మ తలెత్తి చెప్పేది. ఆమెకూ తెల్వదు.

మంజులతకూ తెల్వదు. పోయినంక తెలిసింది.

మొదటి దినమే మిస్ నరోనా అనే మేడం ముంగట కూసోబెట్టిన్రు. జుట్టు బిగించి ముడేసుకున్న సన్నటి మనిషి. నల్లగొండల అందరితోని చప్పట్లు కొట్టించిన పాటను మంజులత వాయించింది. అది అయిపోయేదాక నరోనా కిటికీల నుంచి బయటికి చూసుకుంట నిలబడ్డది. అయిపోయినంక ఇంగ్లీషుల అన్నది —

“నీకు ఎవరు నేర్పారో వాళ్ళని మర్చిపో. రేపటి నుంచి ఒకే మెట్టు, ఒకే వేలు.”

నెల దినాలు గదే. ఒక్క మెట్టు, ఒక్క వేలు. చిన్నపిల్లల బడిల ఓనమాలు దిద్దిపిచ్చినట్టు.

ఇగ తక్కిన సంబురం చూడుండ్రి. భూమి కింద చీకటి అర్రలు, అర్రకొక పియానో. తెల్లారకముందే పోయి పట్టుకోకుంటే ఆ దినం వాయించే జాగానే దొరకదు. దొరికితే పొద్దంత గాడనే. మణికట్లు వాస్తయి. వేడినీళ్లల ముంచుకొని మల్ల కూసునుడే. పక్క అర్రల పిల్ల నీకంటే బాగ వాయిస్తుంటది… గోడల నుంచి ఇనబడుతనే ఉంటది. పాట మొత్తం కాయితం చూడకుంట మనసుల పెట్టుకోవాలె. పాడే పిల్లల పక్కన కూసొని వాయించాలె — చప్పట్లు వాళ్లకు, తప్పులు నీకు. వారం వారం తోటిపిల్లల ముంగట వాయిస్తే, ఒక్కొక్కరు లేచి నీ తప్పులు చెప్తరు. నిన్నటిదాక నీ పక్కన కూసొని అన్నం తిన్నోళ్లే.

ఏడాది చివర ముగ్గురు పెద్దలు కూసుంటరు. బల్ల మీద ఒక చిన్న గంట. నచ్చకుంటే పాట నడుమనే కొడతరు. రెండో ఏడాది గా గంట మోగిందంటే, పియానో నుంచి తీసి ఇంకేదో చదువులకు తోసేస్తరు.

“గింత చదివినంక ఏమైతం అక్కా?” అని మంజులత ఒక సీనియర్‌ను అడిగింది.

ఆ పిల్ల నవ్వింది. “పెద్దింటి పిల్లలకు ట్యూషన్లు. లేకుంటే హోటల్ల… తినెటోళ్ల పక్కన.”

నరోనా మాత్రం ఒక్క మాటనే తిప్పి తిప్పి అనేది. మంజులతది మగ్గం ఇల్లని ఆమెకు ఎవరో చెప్పిన్రు. “ఇవి వాయించే వేళ్ళు కావు. నూలు చుట్టే వేళ్ళు.”

మంజులత ఆమెకు ఒక్కనాడూ ఎదురు చెప్పలే. చెప్పేది ఎవరికంటే… ఇంటికొచ్చినంక ఇంట్లోళ్లకు.

ఎనభై తొమ్మిది ఎండకాలం సెలవులకు వచ్చింది. సెలవులు అయిపోంగనే ముగ్గురి ముంగట కూసునే పరీక్ష. శారదమ్మ బిడ్డ వచ్చిందని సర్వపిండి చేసి పెట్టింది.

“నూనె చేతులతోని నేనేం వాయించాలె? గివి తప్ప మీకు ఇంకేం తెల్వదా?” అని పళ్లెం పక్కకు నూకింది మంజులత.

రామచంద్రం రేడియో పెట్టిండు. “గది సంగీతమా బాపూ? ఆపు.” రామచంద్రం ఆపిండు.

“నాకు పియానో కావాలె. ఇన్ని దినాలు వేళ్లు ఊకుంటే నా పని ఖతం. గీ ఊర్ల ఏముంటది… గుట్ట తప్ప!”

రామచంద్రం జరసేపు తలకాయ గోక్కున్నడు. “ఉన్నది బిడ్డా, ఒకటి” అన్నడు మెల్లగ. “కని… గాడికి పోవద్దు.”

“ఎందుకు?”

చెప్పిండు. దొరసాని సంగతి, కాటమయ్య సంగతి.

మంజులత నవ్వింది. ఆ నవ్వు చూసి రామచంద్రానికే సిగ్గయింది.

“తాగుబోతు పాట మానేస్తే దెయ్యమంటరా? మానుడే మంచిగయింది, ఊరు నిద్రపోయింది.”

బంగ్లా జాగాల అప్పటికి రజాక్ కట్టెల అడితి నడుపుతున్నడు. వాకిలి నిండ మొద్దులు, నడుమ కోతమిషన్. తాళంచెవి ఆయన దగ్గరనే.

“పగటిపూట వాయించుకుంటది, జర తియ్యి భాయ్” అని రామచంద్రం బతిమిలాడిండు.

“పగలు మిషన్ నడుస్తది. చెవుల మొత్తుకున్నా ఇనరాదు. బంద్ అయ్యేది పొద్దుగూకంగ మగ్రిబ్‌కే. మగ్రిబ్ అయినంక నేను ఉండ, నా కూలోళ్లూ ఉండరు.” రజాక్ తాళంచెవి ఇయ్యబోయి మంజులత దిక్కు చూసిండు. “బేటీ, జర సోచాయించుకో. నేను ఒకసారి ఇన్న. తాళం ఏస్తుంటే… నేను తాళమేసే తీరుకు సుత ప్చ్‌మన్నది. గప్పటి సంది పడ్డదా లేదా అని మల్ల మల్ల ఎనక్కొచ్చి చూసుకుంటున్న.”

మంజులత తాళంచెవి అందుకున్నది. తొవ్వల బాపుతోని అన్నది —

“పాపం. తాళమేసుడు సుత రానోడు.”

మాపటికి మిషన్ ఆగింది. కూలోళ్లు గబగబ ఎల్లిపోయిన్రు. రామచంద్రం కరెంటు పని తెలిసినోడు గద, అడితి మీటరు నుంచి వైరు గుంజి హాల్ల ఒక బల్బు ఏలాడదీసిండు.

హాలు నడుమ రంపపు పొట్టు కప్పుకొని ఉన్నది పియానో. మూత లేపితే తెల్ల మెట్లన్నీ ముసలోళ్ల పండ్ల లెక్క పసుపెక్కినయి. కొన్ని ఒత్తితే లేవయి. కొన్ని లేస్తయి, మోగయి. లోపల ఎలుకలు గూడు పెట్టినయి.

“దీన్ని పియానో అంటరా?” మంజులత ముక్కు మూసుకున్నది. కని కూసున్నది. “నువ్వు ఎనక నిలబడితే నాకు సాగదు బాపూ. బయటికి పో.”

రామచంద్రం గేటు కాడ మొద్దు మీద కూసొని బీడీ ముట్టించిండు.

లోపల మంజులత మొదలుపెట్టింది. మోగని మెట్లను మనసుల మోగించుకుంట వాయించబట్టింది. వేళ్లు మెల్లగ దారికొచ్చినయి. గాలి లేదు. స్టేషన్ దిక్కు గూడ్సుబండి ఒకటి కూతపెట్టి పోయింది. ఉరుకులాటగ ఉండే పాట ఎత్తుకున్నది… నడుమ, ఎడమచేతి వేలు జారింది.

ప్చ్.

చేతులు ఆగినయి.

బల్బు చుట్టు పురుగులు తిరుగుతున్నయి. మంజులత పైకి చూసింది. దూలం మీద ఒక బల్లి.

“నువ్వా!” అన్నది. తన మీద తనకే నవ్వొచ్చింది. మల్ల మొదటి నుంచి.

గదే జాగ. గదే వేలు. జారింది.

ప్చ్.

గీసారి కండ్లు బల్లి మీదనే ఉన్నయి. బల్లి కదల్లే.

మెల్లగ లేచింది. ఎనక అర్ర చూసింది, పక్క అర్ర చూసింది. నేలంత పొట్టు. పొట్టు మీద తన చెప్పుల గుర్తులు, బాపు చెప్పుల గుర్తులు… గంతే. ఇంకో గుర్తు లేదు.

వచ్చి కూసున్నది. కావాలని తప్పు వాయించింది. చప్పుడు లేదు. ఇంకోటి, ఇంకా పెద్దది. చప్పుడు లేదు. మనసుపెట్టి వాయించబట్టింది… వేలు తెల్వకుంట తొణికింది —

ప్చ్.

కావాలని చేసిన తప్పేదో, చాతగాక చేసిన తప్పేదో… దానికి తెలుసు.

“బాపూ!”

రామచంద్రం ఉరికొచ్చిండు.

“నువ్వు ఏమన్న ఇన్నవా?”

“ఇన్న.”

“గేటు కాడికి ఇనబడ్డదా?”

“సాఫ్‌గ ఇనబడ్డది బిడ్డా. ఇగ పోదాం పా.”

ఇంకో ఆడపిల్లయితే చెప్పులు సుత ఇడిచిపెట్టి ఉరికేది. మంజులత లేవలే. లోపల ఏదో మండింది.

“రెండేండ్ల సంది బతికున్నదాన్ని ఓర్చుకుంటున్న. సచ్చినదాన్ని ఓర్చుకోలేనా? నువ్వు బయట కూసో.”

కూసున్నది. గా రాత్రే కాదు, దినాం.

దినాం మాపటికి తాళం తీసుడు, దినాం గా చప్పుడు ఇనుడు. మొదట్ల మంజులత సుత ఊకోలే. “నీ దగ్గర నేర్చుకున్నోళ్లంత మానేసిన్రట గద. నువ్వా నాకు చెప్పేది?” అని చీకట్లకు ఎదురు తిరిగేది. చీకటి సప్పుడు చెయ్యకపోయేది. ఆమె మల్ల మొదలుపెట్టేది. తప్పు పడంగనే — ప్చ్. నీతోని నాకు మాటలేంది అన్నట్టు.

చప్పుడు వచ్చిన ప్రతి జాగల తప్పు నిజంగనే ఉండేది. గది ఇంకా మండించేది. ఒక్కొక్క తప్పు దిద్దుకుంట పోయింది. నరోనా సుత పట్టుకోని తప్పులు దొరికినయి. ఒక రాత్రి నెమ్మది పాట మొత్తం చప్పుడు లేకుంట అయిపోయింది. మంజులత చేతులు ఒళ్లె పెట్టుకొని జరసేపు గట్లనే కూసున్నది. ఎవరన్న ఏమన్న అంటరేమో అని చూసింది. ఎవ్వరూ ఏమనలే.

గక్కడికే ఆపితే మంచిగుండు.

కని తర్వాత… చప్పుడు తప్పుకు ముందే వచ్చుడు మొదలయింది. వేలు ఇంకా మెట్టు ముట్టలే — ప్చ్. అది ఇనంగనే వేలు బెదిరి జారేది. కష్టం లేని జాగల సుత జారబట్టింది. ఇంట్ల అన్నం కలిపి ముద్ద చేస్తే సుత, ముద్ద సరిగ్గ చేసిన్నా అని చూసుకునేది. తిండి తగ్గింది. మాట తగ్గింది. ఉన్న నాలుగు మాటలు ముండ్లే.

ఇగ పోయే దినం దగ్గర పడ్డది. గా మాపు గాలిదుమారం లేచింది. గుట్ట మీది నుంచి దుమ్ము, రేకులు కొట్టుకునే చప్పుడు, ఉరుములు. బల్బు ఒక్కసారి ఎర్రబడి ఆరిపోయింది. మంజులత చీకట్లనే వాయిస్తాంది.

ప్చ్.

మల్ల.

ప్చ్… ప్చ్.

ఒక్కొక్క మెట్టుకు, ఒక్కొక్క వేలుకు. మంజులత రెండు పిడికిళ్లతోని మెట్ల మీద గుద్దింది. బంగ్లా అంత గుయ్యిమన్నది.

“ఏడ తప్పు? ఏడ తప్పు చెప్పు! నోరుంటే చెప్పు!”

రామచంద్రం టార్చిలైటు పట్టుకొని వచ్చేసరికి బిడ్డ కింద పొట్టుల కూలబడి ఏడుస్తాంది. ఆయన పక్కన కూసొని తల మీద చెయ్యేసిండు.

“ఇగ చాలు బిడ్డా. గీ చదువు లేకుంటే ఏమైతది? మేం బతుకుత లేమా?”

మంజులత తలెత్తింది. కండ్లల్ల నీళ్లు అట్లనే ఉన్నయి.

“మీ లెక్కనా?”

రామచంద్రం టార్చి పక్కకు పెట్టి అన్నడు —

“మా లెక్క వద్దు. నువ్వు నీ లెక్కనే ఉండు. ఉంటే చాలు.”

రైలు ఎక్కినంక, ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపుతున్న బాపును చూస్తే, తానన్న “మీ లెక్కనా” యాదికొచ్చింది. కిందికి దిగి ఏదో ఒకటి అందామనుకున్నది. రైలు కదిలింది.

పరీక్ష దినం. పెద్ద హాలు, పైన పంకలు. బల్ల ఎనక ముగ్గురు — నడుమ నరోనా, ఒక దిక్కు ముసలాయన, ఇంకో దిక్కు కండ్లద్దాల ఆమె. బల్ల మీద గంట. హాల్ల నల్లగ మెరిసే పియానో, ప్రతి మెట్టు మోగేది.

గీడికి గది రాదు. మంజులత మనసుల గదే అనుకున్నది. భువనగిరి ఏడ, గీ సముద్రం ఏడ!

మొదటి పాట నీళ్ల లెక్క పోయింది. ముసలాయన తల ఊపిండు.

రెండోది, నెమ్మది పాట. సగం అయింది. కుడిచేతి చిటికెనవేలు వెంట్రుకవాసి ఆలస్యమయింది.

ప్చ్.

వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. వాయించుకుంటనే కొద్దిగ మెడ తిప్పింది. ఎనక ఉత్త గోడ. ముంగటికి తిరిగింది. వేళ్లు ఇగ తనవి కావు. ఉరుకులాట పాట ఎత్తుకున్నది —

ప్చ్. రెండు వరుసలు దాటలే. ప్చ్… ప్చ్ —

గంట మోగింది.

నరోనా కుర్చీల ఎనక్కి వాలింది.

“మిస్ మంజులతా. నీ తప్పులు లెక్కపెట్టడానికి మేం ముగ్గురం కూర్చున్నాం. ప్రతి తప్పుకీ నువ్వు నోటితో చప్పుడు చెయ్యక్కర్లేదు.”

మంజులతకు ముందుగాల అర్థం కాలే.

“నేనా… మేడం?”

“నువ్వు కాకపోతే ఇంకెవరు? రెండేళ్ళ నుంచి చేస్తూనే ఉన్నావు. పక్కగదుల పిల్లలు నీకు దాని మీద పేరే పెట్టారు. నీకు తెలీదా?”

ముసలాయన ఇబ్బందిగ కదిలిండు. “అవునమ్మా” అన్నడు. “పెదవులు కదిలాయి. నేనూ చూశాను.”

మంజులత లెక్కేసుకున్నది. రెండేండ్లా! బంగ్లాకు పోకముందు సంది! అంటే… దూలం మీద బల్లి కాదు, చీకటి కాదు, సచ్చిన మనిషి కాదు. తన నోరే. గేటు కాడ వణుక్కుంట కూసున్న బాపు ఇన్నది తన నోటి చప్పుడే. తాను కొట్లాడింది, బతిమిలాడింది, తిట్టింది తన నోటినే.

సిగ్గుతోని చెవులు కాలిపోతున్నయి. ఏడుపొస్తాంది. కని లోపల ఏడనో ఒక మూలకు… హమ్మయ్య. దొరసాని లేదు. ఏమీ లేదు.

నరోనా లేచింది. “తప్పుకో. ఆ పాట ఎలా ఉండాలో ఒక్కసారి చూసి వెళ్ళు. ఇక ముందు చూసే అవసరం నీకు రాదు.”

మంజులత లేచి పక్కకు నిలబడ్డది. నోట్ల నుంచి మల్ల అది ఎల్లుతదేమో అని భయపడి, రెండు అరచేతులు నోటికి గట్టిగ ఒత్తిపట్టుకున్నది.

నరోనా కూసున్నది. గీ రెండేండ్లల ఆమె పియానో వాయించంగ పిల్లలెవ్వరూ చూడలే. తప్పులు పట్టుడే చూసిన్రు. మొదలుపెట్టింది… అబ్బ, ఏం చేతులవి! మంజులత ఊపిరి బిగబట్టి చూస్తాంది. వేళ్లు మెట్ల మీద నడుస్త లేవు, తేలుతున్నయి. ఒక వరుస… రెండు వరుసలు… పాట మలుపు తిరిగే జాగల —

ప్చ్.

నరోనా చేతులు గాల్లనే ఆగినయి.

గిర్రున తిరిగింది. కండ్లల్ల నిప్పులు. “ఎంత ధైర్యం నీకు —”

మాట ఆడనే ఆగిపోయింది. మంజులత రెండు అరచేతులు నోటి మీద ఉన్నయి. ఒత్తిపట్టిన వేళ్ల చివర్లు తెల్లబడ్డయి.

నరోనా బల్ల దిక్కు చూసింది. ముసలాయన నోరు గట్టిగ మూసుకొని, చూపు పైకప్పుకు పెట్టిండు. కండ్లద్దాల ఆమె చేతిల పెన్సిల్ కిందపడి దొర్లుకుంట పోయింది. ఎవ్వరూ దాన్ని తియ్యలే.

నరోనా మల్ల పియానో దిక్కు తిరిగింది. గీసారి మెల్లగ, ఒక్కొక్క వేలు చూసుకుంట, మలుపు కాడికి వచ్చింది. మంజులత స్పష్టంగ చూసింది — ఆమె వేలు సన్నగ వణికింది.

ప్చ్.

ముంగట నుంచి కాదు, ఎనక నుంచి కాదు. నరోనా చెవి పక్కకెల్లి.

తర్వాత మంజులతను చదువుల నుంచి తియ్యలే. తియ్యాలంటే ముగ్గురు కూసొని మాట్లాడుకోవాలె గద, గా హాల్ల ఇంకో నిమిషం కూసునే దమ్ము ఎవ్వరికీ లేకపోయె. ఆమె చదువు పూర్తి చేసింది. మల్లొచ్చిన సెలవులల్లనే ఇంటికి వచ్చి, బాపు ఒళ్లె తల పెట్టుకొని ఇదంత చెప్పి ఏడ్చింది. అవన్నీ తర్వాతి ముచ్చట్లు.

గా నిమిషంల మాత్రం నరోనా పియానో మీది నుంచి చేతులు తీసి ఒళ్లె దాచుకున్నది. తప్పు చేసి దొరికిన చిన్నపిల్ల దాచుకున్నట్టు. మంజులత దిక్కు చూసింది. మొదటిసారి కిటికీల నుంచి బయటికి కాకుంట, మొఖంలకు చూసింది.

“ఎవరది?” అన్నది.

మంజులత నోటి మీది నుంచి మెల్లగ చేతులు తీసింది.

“మా భువనగిరి దొరసాని, మేడం” అన్నది. “మీరు ఆపకుండ్రి… మొదటి నుంచి వాయించమంటాంది.”